ప్రకాశం నివేదిక సంగతీ చెప్పండి

సంపాదకులకు,

ఏటా ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం జయంతి సభల్లో సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి గుండె చూపిన ఘట్టమే పదేపదే వింటాం. చట్టసభలో ఆయన చేసిన గట్టి పనిని ఎత్తేవాళ్లు తక్కువ.

రాజమండ్రిలో ఆయన మొదట సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ పట్టాతో కింది కోర్టులే తప్ప మద్రాసు హైకోర్టులో వాదించే వీల్లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. దండిగా సాగుతున్న ఆ ప్రాక్టీసును 1921లో వదిలేశారు.

1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యాక జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులయ్యారు. అక్కడ అక్కరకొచ్చింది ఉపన్యాసం కాదు, దస్తావేజును అక్షరం వదలకుండా చదివే ప్లీడరు అలవాటు. జమీందార్లు సర్కారుకు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన 1802 నాటి రెగ్యులేషన్, రైతుల పట్టాల మీద అదే ఏటి రెగ్యులేషన్ ముందేసుకుని, జమీందారు శిస్తు వసూలుదారే, భూమికి హక్కుదారు రైతే, ఆనాటి శిస్తుపై పెంచిందేదీ చెల్లదని సంఘం తన నివేదికలో తేల్చింది. (ఈ వాదన మీద నేటికీ లా విద్యార్థులు పోట్లాడుకోవచ్చు.)

అది చట్టమయ్యేలోగా, 1939 అక్టోబరులో మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం 1948లో గానీ రాలేదు, అదీ జమీందార్లకు పరిహారంతో. అప్పటికి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి పదవి పోయి ఏడాది దాటింది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలోనూ మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో గద్దె దిగారు.

వచ్చే జయంతికి బార్ అసోసియేషన్లు దండతోపాటు ఆ నివేదికలోని నాలుగు పేజీలైనా చదివించాలి.

– కొందరు న్యాయవాదులు, ఒంగోలు