ఉద్దానం ఇసుకకు నీటి లెక్క కట్టించండి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

2015లో మొదలైన భూసార కార్డు మా ఉద్దానం రైతులకూ అందింది. నత్రజని, భాస్వరం, జింకు, బోరాన్ అంటూ 12 అంశాలు ఉంటాయి అందులో. మా నేల ఎంత నీరు పట్టి ఉంచుతుందో మాత్రం ఎక్కడా ఉండదు. కవిటి, సోంపేట ఇసుకలో కొబ్బరి పెంచే మాకు ముందు తెలియాల్సింది అదే.

మీటరు లోతు గరప నేల (ఇసుక, ఒండ్రు, బంక కలగలిసినది) మొక్కకు అందేలా 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీరు దాచగలదు. అదే లోతు ఇసుకలో 60 నుంచి 100 ఉంటే గొప్ప. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి, నీరు ఆగదు. బంకమట్టి సందులు మరీ సన్నం. అక్కడ నీరు ఎంత గట్టిగా అంటుకుంటుందంటే అందులో కొంత వేళ్లకు కూడా దక్కదు. ఇసుక అలా బిగపట్టదు, ఉన్న కాస్తలో ఎక్కువ భాగం చెట్టుకే ఇస్తుంది. పైన ఎండిన పొర కింది తేమను ఆవిరి కానివ్వదు కూడా. తడి పెట్టిన మర్నాడు పాదులో జానెడు తవ్వి చూడండి, పైన కాలే ఇసుక, కింద చల్లని పదును! అందుకే మా నేలను పనికిరానిదంటే నేను ఒప్పుకోను.

కానీ దాని తీరు తెలియకుండా నీరు పెడితే అంతా వృథా. వారం పది రోజులకోసారి పాదు ముంచేస్తే నీరు వేళ్లు దాటి దిగిపోతుంది. వేసిన యూరియానూ తీసుకుపోతుంది. అదంతా చేరేది మేం తాగే భూగర్భ జలంలోకే. ఉద్దానంలో తాగునీటి బాధ మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ కొద్ది కొద్దిగా, తరచుగా తడపాలి. డ్రిప్పు నీరు కూడా ఇసుకలో పక్కలకు పాకదు, నిలువునా దిగుతుంది. నల్లరేగడి లెక్కతో డ్రిప్పర్లు బిగిస్తే చెట్టు చుట్టూ సగం వేళ్లు పొడిగానే ఉండిపోతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు కూలాక మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. వేసవిలో పదును తగ్గితే పిందెలు రాలిపోతాయి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాపు అలా నేలపాలైతే తట్టుకోలేం సార్.

భూసార పరీక్షలో ఇసుక ఎంత, బంక ఎంత, నేల పట్టే నీరు ఎంత అన్నది కూడా తేల్చి, తడుల సలహా దాన్ని బట్టి ఇప్పించండి. చెరువుల్లో పూడిక తీసినప్పుడు ఆ ఒండ్రులో ఉప్పు శాతం పరీక్షించి, బాగుంటే దగ్గర్లోని తోటలకు తోలుకోనివ్వండి. రవాణా ఖర్చులో కొంత భరిస్తే చిన్న రైతు కూడా ముందుకొస్తాడు. కొబ్బరి డొక్కలను చెట్టు చుట్టూ కందకంలో, లోపలి వైపు పైకి ఉండేలా పేర్చి పూడిస్తే వాన నీటిని పీల్చుకుని కొన్నేళ్లపాటు తేమనిస్తాయి. ఆ కందకాల కూలిని ఉపాధి పనుల్లో చేర్చే వీలుందేమో చూడండి.

వేసవి పనులకు అంచనాలు వేసే ముందే మండలాల అధికారులతో ఈ సంగతి మాట్లాడాలని మనవి.

ఇట్లు,
కవిటి మండలం కొబ్బరి రైతు