ఫొటో బుధవారం తీయించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరివాళ్లం రోడ్డు పక్క చెత్త ఏరిన సంగతి కిందటి నెల మీరు ఫొటోతో సహా వేశారు. వరసలో ఎడమ నుంచి మూడో మనిషిని నేనే. ముఖం సగం గోనెసంచి వెనక ఉండిపోయింది. వార్తలో ఒక్క అబద్ధం లేదు. కాకపోతే అది ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆగిపోయింది. ఆ తర్వాతి వారం సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆ రోజు నలభై ఒక్క సంచులు నింపాం. కల్వర్టు పక్కన పేర్చి, బండి వస్తుందని ఒకరికొకరం చెప్పుకొని ఇళ్లకు వెళ్లిపోయాం. ఎవరి బండి, ఎన్నింటికి వస్తుంది అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. సోమవారం రాలేదు. సాయంత్రం ఖాళీ సీసాలు ఏరుకొని అమ్ముకునే ఆవిడ వచ్చి కొన్ని సంచులు దులిపి చూసుకుంది. అది ఆవిడ తప్పు కాదు. ప్లాస్టిక్ సీసాలు, తడిసిన కాగితాలు, పగిలిన గాజు అన్నీ ఒకే సంచిలో కుక్కింది మేమే. సీసాలు విడిగా కట్టి ఉంచితే ముడి విప్పకుండానే మోసుకుపోయేది. మంగళవారం కుక్కల వంతు.

బుధవారం పొద్దున సంచులు లెక్కపెడితే నలభై ఏడు! ఆరు సంచులు ఎక్కువ. ఇళ్లలో చెత్త మూటకట్టి తెచ్చి మా సంచుల పక్కన బుద్ధిగా పెట్టి వెళ్లారు. కోపం వచ్చింది గానీ, ఆశ్చర్యపోవలసిన పని లేదు. రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆగి ఉన్న కార్ల అద్దాలకు కరపత్రాలు తగిలించి చూశారు. శుభ్రంగా ఉన్న చోట కంటే అప్పటికే చెత్త ఉన్న చోట ఎక్కువమంది వాటిని కింద పడేశారు. మేము మూడు కిలోమీటర్ల రోడ్డు ఊడ్చి, చివర్లో చెత్తకు ఒక చిరునామా ఇచ్చాం.

గురువారం రాత్రి ఎవరో నిప్పు పెట్టారు. ఆ కుప్పలో కరెంటు తీగల తొడుగులు, విరిగిన పైపు ముక్కలు ఉన్నాయని నాకు తెలుసు. కొన్ని నా చేత్తోనే ఏరాను. అవి పీవీసీ. ఆరుబయట మంటలో కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. నేల మీద ఉన్నదాన్ని ఏరి గాలిలో కలిపాం, అంతే.

నేను ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాణ్ని. చెత్త రోడ్డంతా సమానంగా పడదు. బస్టాండులో కొన్న పొట్లం రెండు మూడు కిలోమీటర్లకు ఖాళీ అవుతుంది, మలుపులో బండి నెమ్మదించగానే కిటికీలోంచి చెయ్యి బయటికి వస్తుంది. నా చెయ్యి కూడా వచ్చేది, దాచుకోవడం ఎందుకు. ఆ మలుపు దగ్గరే గడ్డిలో ఒక సీసా దొరికింది. ఏటవాలుగా, మూతి పైకి ఉంది. అడుగున కాస్త వాననీరు, మూడు నల్ల పురుగులు, వాటి మీద వేలెడంత తొండపిల్ల. లోపలికి జారింది గానీ నున్నటి గోడ పట్టుకొని పైకి రాలేకపోయింది. దాన్ని సంచిలో వేయడానికి ఎందుకో రెండు నిమిషాలు పట్టింది.

రోడ్డును కొంత కొంతగా దత్తత తీసుకునే పద్ధతి అమెరికాలోని టెక్సాస్‌లో 1985లో మొదలైంది. ముందు వెళ్తున్న ట్రక్కులోంచి చెత్త ఎగిరిపడటం చూసిన ఒక రోడ్ల ఇంజనీరుకు వచ్చిన ఆలోచన అది. అక్కడి బోర్డుల గురించి, వాటి మీద రాసే సంఘాల పేర్ల గురించి అందరూ చెబుతారు. నాకు నచ్చింది వేరే: సంచులు ఇచ్చేది రోడ్ల శాఖే, నిండిన సంచులు తీసుకుపోయేదీ ఆ శాఖే. ఏరేవాళ్ల పని ఎక్కడ ముగుస్తుందో, మోసేవాళ్ల పని ఎక్కడ మొదలవుతుందో ముందే తెలుసు.

మేము మాత్రం ముందు తేదీ పెట్టుకున్నాం, టోపీలు కుట్టించుకున్నాం, బ్యానరు రాయించాం. బండి గురించి ఆఖరున అనుకున్నాం, అదీ అనుకోవడం వరకే. ఈసారి సమావేశంలో నేను పట్టుబట్టాను: బండి డ్రైవరు ఫోను నంబరు, వచ్చే గంట కాగితం మీద పడేదాకా తేదీ ప్రకటించకూడదని. సీసాలకు ఒక సంచి, మిగతాదానికి మరో సంచి. గాజుపెంకులకు సంచి వద్దు, డబ్బా. లోపల వెండిపూత ఉన్న చిన్న పొట్లాలను ఎవరూ కొనరు, ప్లాస్టిక్‌నూ రేకునూ విడదీయడం కుదరదు కాబట్టి. అవి ఎక్కడికి పోవాలో కార్యాలయంవారిని అడిగాం. జవాబు ఇంకా రాలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం అనుకుంటున్నాం, బండి ఖాయమైతేనే. మీ ఫొటోగ్రాఫరును ఆదివారం పంపవద్దని నా మనవి. ఆ రోజు మా ఫోన్లలో మేమే తీసుకుంటాం. బుధవారం పొద్దున్నే కల్వర్టు దగ్గరికి పంపండి. అక్కడ ఏముంటే అది వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత బస్సు డ్రైవరు