కృత్రిమ గుండె వార్తల్లో లోపలి గోడ ఊసే లేదు

సంపాదకుల వారికి,

కృత్రిమ అవయవాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పంపు ఎంత చిన్నదైందో, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, త్రీడీ ప్రింటర్ ఎలా పనిచేస్తుందో వివరంగా రాశారు. రక్తం వెళ్లి ఆ పరికరం లోపలి గోడను తాకితే ఏమవుతుందన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఈ రంగం ఏళ్ల తరబడి తల బాదుకుంటున్నది ఆ గోడ దగ్గరే. అందుకే ఈ ఉత్తరం.

నేను పెర్ఫ్యూజనిస్టును. గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపు రోగి రక్తాన్ని బయట తిప్పి, ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపే యంత్రాన్ని నడపడం నా పని. రక్తం ట్యూబుల్లోకి రాకముందే, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే మందు ఇచ్చి తీరాలి. తర్వాత గడ్డకట్టే సమయం చూస్తాం. మామూలుగా రెండు నిమిషాలకు అటూ ఇటూగా ఉండే ఆ సమయం 480 సెకన్లు దాటిందాకా యంత్రం మొదలుపెట్టం. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట చేసే యంత్రం) మీద రోజుల తరబడి ఉండే రోగి దగ్గరైతే ఇంకో బాధ. గడియ గడియకూ టార్చిలైటు వేసి, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ మూలమూలా వెతుకుతాం. రక్తం నెమ్మదించే చోట నల్లటి గడ్డలు కనిపిస్తాయి. ట్యూబు, కనెక్టరు కలిసే అంచున గడ్డను అల్లే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ తెల్లటి పోగులుగా తేలుతుంటుంది. గడ్డలు పెరుగుతున్నాయని హెపారిన్ పెంచితే మెదడులో ఎక్కడ రక్తస్రావమవుతుందోనని భయం. తగ్గిస్తే ఆక్సిజనేటరే మూసుకుపోతుందని భయం. రోగి పక్కన రాత్రంతా నిలబడే నర్సుకు, డాక్టరుకు, నాకు ఇదే లెక్క.

1984లో జార్విక్-7 అనే కృత్రిమ గుండెను అమర్చుకున్న విలియం ష్రోడర్ 620 రోజులు బతికారు. అప్పటికి అదే గొప్ప. కానీ ఆపరేషనై మూడు వారాలు తిరక్కముందే ఆయనకు పక్షవాతం వచ్చింది, తర్వాతా వచ్చింది. పంపు కొట్టుకోవడం మానలేదు, మనిషే దెబ్బతిన్నారు. పంపుల తయారీలో సాధించిన దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది తప్ప మరేదీ రాయకపోవడమే నా బాధ.

ఒంట్లో అదే రక్తం ఏ ఇంజెక్షనూ లేకుండా జీవితమంతా తిరుగుతుంది. రక్తనాళాల లోపలంతా ఎండోథీలియం అనే పొర పరుచుకుని ఉండటమే ఇందుకు కారణం. దాని మందం ఒకే ఒక్క కణం. ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ విడుదల చేస్తూ ప్లేట్‌లెట్లను దగ్గరకు రానివ్వవు. హెపారిన్‌కు దగ్గరి చుట్టమైన హెపరాన్ సల్ఫేటును ఒంటి నిండా కప్పుకుని ఉంటాయి. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ రక్తనాళపు ముక్కలతో చేసిన ప్రయోగంలో ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం వేస్తే నాళం సడలింది. లోపలి పొరను గీకేశాక వేస్తే సడలలేదు. అంటే సడలించే సంకేతం ఆ పొర నుంచే వస్తోంది. అది నైట్రిక్ ఆక్సైడేనని తర్వాత తేలింది, ఆ కథ 1998 నోబెల్ దాకా వెళ్లింది. మనం అమర్చే ప్లాస్టిక్, లోహం మీద ఆ పొర లేదు. రక్తం తాకిన కొన్ని సెకన్లలోనే ప్రోటీన్లు వాటికి అతుక్కుంటాయి. వాటిలో ఫైబ్రిన్‌గా మారే ఫైబ్రినోజెన్ ఉంటుంది. దాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్లు చేరతాయి. మిగతాది మేం టార్చిలైటులో చూసేదే.

మరి ఆ కణాలనే ప్లాస్టిక్ మీద పెంచితే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1978లోనే మాల్కమ్ హెరింగ్ సిర లోపలి నుంచి కణాలు గీకి తీసి, కృత్రిమ రక్తనాళాల్లో చల్లి, కుక్కల్లో అమర్చి చూశారు. ఫలితాలు ఆశ కలిగించాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చల్లిన కణాలు సరిగా నిలవలేదు. పోనీ కుట్టు వేసిన చోటు నుంచి సొంత కణాలు పాకుతాయా అంటే, మనుషుల్లో ఒకటి రెండు సెంటీమీటర్లు పాకి ఆగిపోతాయి. బృహద్ధమని లాంటి పెద్ద నాళంలో డేక్రాన్ అనే పాలిస్టర్ గొట్టం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్ల కంటే తగ్గిందా, మూసుకుపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది.

అందుకే ఉపరితలాన్నే మార్చాలి. నీళ్లంటని ప్లాస్టిక్ మీద కణం కాలు నిలవదు. ప్లాస్మా (రక్తంలోది కాదు, విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు) సోకిస్తే దానికి నీరు అంటుకునే గుణం వస్తుంది. అయితే సిలికాన్ రబ్బరు మీద ఈ గుణం కొన్నాళ్లకే పోయి మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి పూత వేయాలి. 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి కణాలు దేన్ని పట్టుకుంటాయో తేల్చారు. ఆర్జినిన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, ఈ మూడు అమైనో ఆమ్లాలు వరసగా ఉంటే చాలు, కణం పట్టు దొరకబుచ్చుకుంటుంది. దీన్నే ఆర్‌జీడీ అంటారు. ఆర్‌జీడీ పూత వేసిన ప్లాస్టిక్ మీద రక్తనాళ కణాలు చక్కగా అతుక్కుంటాయి.

నా పని అనుభవం నుంచి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్‌జీడీని ప్లేట్‌లెట్లు కూడా పట్టుకుంటాయి. ఫైబ్రినోజెన్‌ను అవి పట్టుకునే తీరులో ఈ వరసకూ పాత్ర ఉంది. అంటే కణాలు పూర్తిగా పరుచుకోకముందే రక్తం వదిలితే, కణాల కోసం వేసిన పూతే గడ్డకు ఆధారమవుతుంది. 1991లో జెఫ్రీ హబ్బెల్ బృందం దీనికి ఒక దారి చూపింది. ఆర్జినిన్, గ్లుటామిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం, వాలీన్ వరసగా పెడితే ఎండోథీలియల్ కణాలు అతుక్కున్నాయి, ప్లేట్‌లెట్లు పెద్దగా పట్టించుకోలేదు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో తెలిసిన ఉపరితలమిది. పంపు సైజు తగ్గించడం కంటే ఇది చిన్న పనేమీ కాదు. ఇలాంటివి మొదటి పేజీకి రావాలని నా కోరిక.

అతుక్కున్నంత మాత్రాన అయిపోలేదు. కదలని గిన్నెలో పెరిగిన కణాల మీదికి ఒక్కసారిగా ధమని వేగంతో రక్తం వదిలితే ఊడిపోతాయి. ప్రవాహాన్ని మెల్లగా మొదలుపెట్టి రోజుల మీద పెంచుకుంటూ పోతే అవి సాగి, ప్రవాహం దిక్కుకు తిరిగి గట్టిపడతాయి. ఊడకుండా ఉన్నవి కూడా ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడాలి. వాపుకు గురైన ఎండోథీలియల్ కణం టిష్యూ ఫ్యాక్టర్‌ను బయటపెట్టి తనే గడ్డకు కారణమవుతుంది. అలాంటి పొర కంటే ఉత్త ప్లాస్టికే మేలు. అందుకే ఒక రోజు తర్వాత ఎన్ని కణాలు అతుక్కున్నాయో లెక్కపెట్టి, అదే విజయమని ప్రకటించే వార్తలు నాకు నచ్చవు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటేనని అనుకోవద్దు. వియన్నాలో 1989 నుంచి డాయిచ్, జిల్లా తదితరులు రోగి సొంత సిర ముక్క నుంచి కణాలు పెంచి, ఫైబ్రిన్ జిగురు పూసిన గొట్టాల లోపల పరిచి, కాళ్లకు బైపాస్ చేశారు. ఉత్త గొట్టాల కంటే అవి ఎక్కువ కాలం తెరుచుకుని ఉన్నాయి. అయితే కణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈ రాత్రి ఎమర్జెన్సీలో దిగిన రోగికి అంత వ్యవధి ఉండదు. అమెరికాలో 1994లో అనుమతి పొందిన, గుండెకు సాయపడే హార్ట్‌మేట్ పంపు మరో దారి పట్టింది. దాని లోపలి గోడను చిన్న చిన్న టైటానియం పూసలతో కావాలనే గరుకుగా చేశారు. రక్తంలోని ఫైబ్రిన్, కణాలు ఆ గరుకులో చిక్కుకుని పల్చటి పొరగా స్థిరపడ్డాయి. చాలామంది రోగులకు ఆస్పిరిన్‌తోనే సరిపోయింది. తర్వాత వచ్చిన చిన్న పంపులకు మళ్లీ గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మందు తప్పలేదు. గోడ తీరు మారితే మందు మారుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నా పనికి అన్నిటికంటే దగ్గరైనది కృత్రిమ ఊపిరితిత్తి. ఆక్సిజనేటర్‌లో ఉండేవి సన్నని బోలు దారాలు, చాలావాటిలో ఒక రకం ప్లాస్టిక్ అయిన పాలీమిథైల్‌పెంటీన్‌వి. వాటి మీద ఎండోథీలియల్ కణాలు పరచాలని జర్మనీలోనూ ఇతర చోట్లా కృషి జరుగుతోంది. పూత మందమైతే ఆక్సిజన్ దాటదు, పల్చనైతే కణాలు నిలవవు. ఆ రెండింటి మధ్య సన్నటి దారి వెతుకుతున్న వాళ్లను చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

మీ విలేకరులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కృత్రిమ అవయవం వార్త వచ్చినప్పుడు దాన్ని తయారుచేసిన వాళ్లను లోపలి గోడ గురించి అడగండి. దేనితో చేశారు, కణాలు ప్రవహించే రక్తంలో ఎన్నాళ్లు నిలిచాయి, అవి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తున్నాయా, రోగికి ఎంత హెపారిన్ లేదా వార్ఫరిన్ అవసరమైంది అని అడగండి. ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ చదివే పిల్లలు మీ పత్రిక చదువుతారు. పాలిమర్ రసాయనం తెలిసిన వాళ్లకు, కణాలు పెంచడం వచ్చిన వాళ్లకు ఇక్కడ జీవితానికి సరిపడా పని ఉందని వాళ్లకు తెలియాలి. 1973లో ఎరిక్ జాఫే బృందం ఈ కణాలను కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడు సిర నుంచి తీసి పెంచింది. ఇప్పటికీ ప్రయోగశాలలు వాటినే వాడుతున్నాయి. తల్లుల అనుమతితో వాటిని సేకరించి పరిశోధకులకు అందించే ఏర్పాటు గురించి కూడా ఒక వ్యాసం వేయండి. ఆ వ్యాసానికి ఆక్సిజనేటర్ విప్పి చూపించాల్సి వస్తే నేను వస్తాను.

ఇట్లు,
ఒక పెర్ఫ్యూజనిస్టు