ఇకపై మీ పాస్‌వర్డ్ మేము అడగం

మా దగ్గర కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేయించుకునే అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, రిపేరుకిచ్చే వస్తువుతో పాటు పాస్‌వర్డ్ కూడా రాసిచ్చే పద్ధతి మా దగ్గర ఉండదు. రసీదులో ఆ గడి తీసేస్తున్నాం. మీరంతట మీరు చెప్పబోయినా వద్దంటాం. దీనివల్ల కొన్ని పనులు ఆలస్యమవుతాయి. కొన్నింటికి మీరు కాసేపు మా పక్కన కూర్చోవలసి వస్తుంది. మీకు ఇబ్బందేనని తెలుసు కాబట్టి, కారణం దాచకుండా చెబుతున్నాం.

కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2021 చివర్లో ఒక పరీక్ష చేశారు. ఎవరు ఏ ఫైలు తెరిచారో తనంతట తనే నమోదు చేసుకునే ల్యాప్‌టాప్‌లను 16 రిపేరు షాపులకు ఇచ్చారు. రాత్రి అక్కడే ఉండి, ఆ నమోదుతో సహా తిరిగొచ్చినవి 12. వాటిలో 6 చోట్ల టెక్నీషియన్లు సొంతదారు ఫైళ్లు తెరిచి చూశారు. 2 చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. అదే పరిశోధనలో ఉత్త బ్యాటరీ మార్చమంటే, ఒక్క షాపు తప్ప అందరూ పాస్‌వర్డ్ అడిగారు. బ్యాటరీ మార్చడానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు.

ఇది మా వృత్తి మీద పడ్డ మచ్చ. మా కుర్రాళ్ల మీద మాకు నమ్మకముంది. అయినా మీ ఫోటోలు, బ్యాంకు కాగితాలు మా మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు.

మరి పని ఎలా జరుగుతుందంటే, స్క్రీను, బ్యాటరీ, కీబోర్డు లాంటివి లాక్ తీయకుండానే మారుస్తాం. సామ్‌సంగ్ ఫోన్లలో 2022 నుంచి మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో 2023 చివరి నుంచి రిపేర్ మోడ్ వచ్చాయి. మీ మోడల్లో ఉంటే ఇచ్చేముందు ఆన్ చేయండి. ఫోన్ పనిచేస్తుందో లేదో మేము చూసుకోగలం, మీ ఫోటోలు, మెసేజ్‌లు మాత్రం మాకు కనబడవు. విండోస్ కంప్యూటరైతే అడ్మిన్ హక్కులు, అంటే లోపలి సెట్టింగులు మార్చే అధికారం, లేని కొత్త అకౌంటు ఒకటి పెట్టి ఇవ్వండి. ఆ సెట్టింగులు మార్చాల్సిన పనైతే మీ పాస్‌వర్డ్ మీరే టైపు చేయాలి, మేము ముఖం పక్కకు తిప్పుకుంటాం. ఒక జాగ్రత్త: బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లన్నిటికీ తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉన్న మెషిన్లో మదర్‌బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అదెక్కడుందో ముందే వెతికిపెట్టుకోండి. అది లేకపోతే మీ ఫైళ్లు మేమే కాదు, ఎవరూ తెరవలేరు. డేటా ఇంకోచోట కాపీ చేసుకున్నాకే వస్తువు మాకివ్వండి.

ఈ నిర్ణయంతో ఇంకో మేలుంది. మేము ఎప్పుడూ అడగం కాబట్టి, మా పేరు చెప్పి ఎవరడిగినా వాడు దొంగే. ఓటీపీ అడిగినా అంతే. దూరం నుంచి మీ స్క్రీన్ చూసే పని, మీరు మాకు ఫోన్ చేసినప్పుడు మాత్రమే చేస్తాం. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని స్క్రీన్ మీద వస్తే చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి, భయపడి ఫోన్ చేసేది ఎక్కువగా వాళ్లే.

స్కూళ్ల వాళ్లకు ఒక విన్నపం. స్టాఫ్‌రూమ్ కంప్యూటరుకు అందరిదీ ఒకటే పాస్‌వర్డ్, అదీ మానిటర్‌కు అంటించిన చీటీ మీద. రేపు మార్కులెవరో మార్చారంటే ఎవరిని అడుగుతారు? ప్రతి టీచరుకూ విడి అకౌంటు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. మేము కూర్చుని పెట్టిస్తాం.

ఆఫీసుల్లో మాకు ఎక్కువ దిగులు కలిగించేవి, ఉద్యోగం మానేసిన వాళ్ల పేరిట మిగిలిపోయిన అకౌంట్లు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లలో దొంగలు దూరడంతో పైప్‌లైన్ ఆగిపోయి పెట్రోలు కోసం జనం బారులు తీరారు. వాళ్లు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) అకౌంటు ద్వారా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, రెండో కోడ్ లేదు. ఆ కంపెనీ దొంగలకు దాదాపు 44 లక్షల డాలర్లు కట్టింది. మీ ఆఫీసులో అలాంటి అకౌంట్లు ఎన్నున్నాయో ఈ వారమే లెక్క తీయండి. మెయిల్‌కు, బ్యాంకుకు, దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రతిదానికీ పాస్‌వర్డ్ తర్వాత రెండో కోడ్ అడిగేలా పెట్టండి.

చివరగా పాత రసీదుల సంగతి. మీరు రాసిచ్చిన పాస్‌వర్డ్‌లు వాటి మీద ఉన్నాయి. ఈ నెలాఖరులోపు అన్నీ మిషన్లో వేసి ముక్కలు చేస్తున్నాం. అయినా ఇదివరకు మాకిచ్చిన పాస్‌వర్డ్ మార్చేయండి. అదే మీ మెయిల్‌కూ వాడుతుంటే ముందు అక్కడ మార్చండి, ఎందుకంటే మిగతా అకౌంట్లు చాలావరకు మెయిల్ ద్వారానే రీసెట్ అవుతాయి. మార్చడం రాకపోతే రండి, పక్కన కూర్చుని చూపిస్తాం. దానికి డబ్బులేమీ తీసుకోం.