ఏ చేతికి కట్టు?

కర్నూలు,
19 అక్టోబరు 2014

చిరంజీవి రఘుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. పోయిన ఆదివారం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి నుంచి నీ ఫోను పలకడం లేదు. గురువారం నీ స్నేహితుడెవరో ఫోను చేసి, నువ్వు బాగున్నావని చెబుతూనే చేతికి కట్టు సంగతేదో అన్నాడు. ఏ చేయి అని అడిగేలోపే లైను తెగిపోయింది.

అది అట్లుండనీ. హుద్‌హుద్ అంటే ఒక పిట్ట, తుపానుకు ఆ పేరు ఒమన్ వాళ్లు పెట్టారంటే, పిట్ట పేరుతో ఇంత పాడుపనా అని అవ్వ తిట్టిపోస్తున్నది. విమానాశ్రయం పైకప్పును, కైలాసగిరి మీద చెట్లను టీవీలో చూసి మీ అమ్మ ఆ పూట అన్నం తినలేదు. తుపాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి కాసేపు ఆగుతుందనీ, ఆ తరువాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుందనీ చదివాను. ఆ కాసేపట్లో నువ్వు కిటికీ అద్దాల దగ్గరికి పోయి ఉంటావని నా అనుమానం.

నీళ్ల సంగతి మాకు తెలియనిది కాదు. 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీద పడినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. అవతల శ్రీశైలం జలాశయం 885 అడుగులు దాటి నిండిపోయింది, ఇక్కడి నీళ్లకు పోయే దారి లేదు. అవ్వను మిద్దె మీదికి చేర్చి, బొరుగుల మూట అందించి, నీ టెన్త్ మార్కుల కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయని నడుము లోతు బురదనీళ్లలో మళ్లీ దిగాను. బీరువా అద్దం పగిలి ఉన్నట్టు నాకేం తెలుసు? మడమ చీలింది. నీకు ఫోనులో "ఏమీ కాలేదు" అన్నాను. నాలుగో రోజుకు కాలు గుమ్మడికాయంత అయితే డాక్టరు నన్ను మీ అమ్మ ముందే చీవాట్లు పెట్టాడు. నెల రోజులు చెప్పు వేసుకోలేదు. ఈ సంగతి నీకిప్పటివరకూ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను, టీటీ ఇంజెక్షను వేయించుకున్నావా? కట్టు తడవనీయవద్దు. నీళ్లు కాచి తాగు. కూలిన స్తంభాల తీగలను కరెంటు లేదు కదా అని తొక్కవద్దు. ఉపదేశాలు రాయకూడదనే కూర్చున్నాను, ఏం చేయను.

పుల్లన్న కొడుకు విశాఖకు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరంతో పాటు సెనక్కాయల పొడి, టార్చిలైటు, అమ్మ మడిచి ఇచ్చిన పాత పంచె గుడ్డలు పంపుతున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అతని చేతికి రెండు ముక్కలు రాసి ఇవ్వు. ఇంకొకరితో రాయించవద్దు. నీ అక్షరాలు చూస్తే ఏ చేయో మాకు తెలిసిపోతుంది.

మీ నాన్న