17 ఏళ్ల కిందటి రివ్యూ చూపించి అమ్మిన వైన్ గురించి ఫిర్యాదు

ఫ్రిస్కో, టెక్సస్
డిసెంబర్ 8, 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఆగస్టులో మీరు పంపిన 3 సీసాల 2005 నాపా రెడ్ వైన్ పాడైపోవడం, డబ్బు వాపసు

నమస్కారమండీ. సీసాలు తెరిచాక ఇప్పటికి ఇంగ్లిష్‌లో మూడు మెయిళ్లు రాశాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, అక్షరం కూడా మారలేదు. షాపు నడిపేది తెలుగువాళ్లేనని ఫోన్‌లో తెలిసింది కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నాను. కనీసం చదువుతారని ఆశ.

మా పెళ్లి 2005 నవంబర్‌లో జరిగింది. ఇరవయ్యో పెళ్లిరోజుకి ఆ ఏడాది వైనే తాగాలనుకున్నాం. 2005లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ద్రాక్ష పంట అద్భుతంగా పండింది, ధరలూ ఆ స్థాయిలోనే ఉన్నాయి. అందుకే మీ దగ్గర, కాలిఫోర్నియాలోని నాపా వ్యాలీలో బోర్డో పద్ధతిలో, కాబర్నే సావిన్యోన్ ద్రాక్షకి మెర్లో, కాబర్నే ఫ్రాంక్ రకాలు కలిపి చేసిన రెడ్ తీసుకున్నాం. సీసా 185 డాలర్లు. మీ పేజీలో ఒక విమర్శకుడి మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: 95 పాయింట్లు, బ్లాక్ కరెంట్ పండు, వయొలెట్ పూలు, చాక్లెట్, గట్టి టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు). ఆ రివ్యూ ఎప్పటిదో మాత్రం ఎక్కడా లేదు.

ఆ విమర్శకుడి సైట్‌కి చందా కట్టి పూర్తి రివ్యూ చదివాను. ఈ పని కొనకముందే చేయాల్సింది, ఒప్పుకుంటాను. అది 2008లో, వైన్ అప్పుడే మార్కెట్లోకి వచ్చినప్పుడు రాసింది. చివరి వాక్యంలో 2010 నుంచి 2020 లోపు తాగమని ఆయనే చెప్పాడు. మీరు ఆ ఒక్క వాక్యమే కత్తిరించారు. కొత్తావకాయ గురించి ఎవరో మెచ్చుకుంటూ రాసిన చీటీని పదిహేడేళ్ల తర్వాత అదే జాడీకి అంటించి అమ్మినట్టుంది.

పాత వైన్ అంటే ఏమిటో తెలియక రాస్తున్నానని అనుకోకండి. ఏళ్లు గడిచేకొద్దీ పండు వాసన వెనక్కి తగ్గుతుంది, టానిన్ల వగరు మెత్తబడుతుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది, గ్లాసు అంచున రంగు ఇటుక రంగుకి తిరుగుతుంది. తోలు, తడి మట్టి, పుట్టగొడుగులు, సిగార్ పెట్టె అని విమర్శకులు రాస్తారే, ఆ వాసనల కోసమే కొన్నాను. సిగార్ పెట్టె నేను చూడలేదు గానీ మా తాతగారి చుట్టల డబ్బా మూత తీస్తే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. అలాంటిదేదో వస్తుందని ఎదురుచూశాం.

వచ్చింది వేరు. సీసాని రెండు రోజులు నిలబెట్టి, మడ్డి కదలకుండా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంపాను. ఉడికిన ఎండుద్రాక్ష, మాడిన బెల్లం పాకం, ఆ వెనకే పులుపు. తడి అట్టపెట్టె వాసన లేదు కాబట్టి కార్క్ తెగులు (చెడిన కార్క్ వల్ల వైన్ పాడవడం) కాదు. ఇది ఎండదెబ్బ. మా ఆయన ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా ఫ్రిజ్‌లోంచి బీరు తెచ్చుకున్నారు. రెండో సీసా తెరిచాం, అదీ అంతే.

కారణం కూడా మీకు తెలుసు. వేడి తగ్గాక పంపమని ఆర్డర్‌లోనే రాశాను. మీరు ఆగస్టులో పంపారు. ట్రాకింగ్ ప్రకారం పెట్టె శని, ఆదివారాలు డల్లాస్ గోదాంలో ఉంది. ఆగస్టులో ఇక్కడ ఎండ 40 డిగ్రీల దాకా పోవడం మామూలే. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ని పైకి తోసింది. రెండు సీసాల మూతి రేకు కింద వైన్ కారి జిగురుగా ఉంది, ఒకదానిలో వైన్ మట్టం భుజం దాకా దిగిపోయింది. పెట్టె అందిన మర్నాడే ఫొటోలు పంపితే "పాత సీసాలకి మామూలే, కంగారు పడకండి" అన్నారు. ఇప్పుడేమో 30 రోజుల గడువు దాటిందంటున్నారు. గడువులోపే చెప్పాను కదండీ!

ఇక మీ జవాబులోని అసలు మాట: "రుచి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, విమర్శకులే ఏకాభిప్రాయానికి రారు." రారు, నిజమే. బోర్డో వైన్ 2003 షాటో పావీకి బ్రిటిష్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ 20కి 12 ఇస్తే, అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ దాన్నే ఆకాశానికెత్తాడు. కానీ వాళ్లిద్దరూ 2004లో, ఇంకా సీసాల్లోకి ఎక్కని అదే వైన్ గురించి వాదించుకున్నారు. మీరు చేసింది అభిప్రాయ భేదం కాదు, తేదీ దాచడం. తేదీకి ఎంత విలువుందో చూడండి: కాలిఫోర్నియా, ఫ్రెంచ్ వైన్లకి పేర్లు దాచి పెట్టిన 1976 పారిస్ పోటీలో కాలిఫోర్నియా రెడ్ రిడ్జ్ మాంటే బెల్లో 1971కి అయిదో స్థానం వచ్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2006లో, అవే రెడ్ వైన్లని మళ్లీ రుచి చూస్తే అదే మొదటికొచ్చింది. 1976 నాటి మార్కులు చూపించి 2006లో దాన్ని అమ్మితే తప్పే కదా, అది బాగుపడిన వైన్ అయినా సరే.

నాకు కావలసింది మూడు సీసాల డబ్బు, 555 డాలర్లు, దానికి తోడు షిప్పింగ్ ఖర్చు. దాంతోపాటు మీ పేజీలో ప్రతి రివ్యూ పక్కనా అది రాసిన సంవత్సరం, ఎప్పటిలోగా తాగాలని విమర్శకుడు చెప్పాడో ఆ గడువు పెట్టండి. డిసెంబర్ 22 లోపు జవాబు రాకపోతే కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేస్తాను. ఫొటోలు, ట్రాకింగ్ వివరాలు, పాత మెయిళ్లు జతచేశాను.

మూడో సీసా తెరవలేదు. పరీక్షించుకోవాలంటే రిటర్న్ లేబుల్ పంపండి, ఎండలు మొదలవకముందే.

భవదీయురాలు,
మీ కస్టమర్