‘సహకరించడం లేదు’ అని రాసేముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు,

అక్టోబరు 29 ప్రపంచ స్ట్రోక్ (పక్షవాతం) దినం నాడు మీరు వేసిన ప్రత్యేక పేజీ గురించి రాద్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. ఇంట్లో పేషెంట్ ఉంటే కలం పట్టే తీరిక అంత తేలిగ్గా దొరకదు. పేజీ నిండా స్ట్రోక్ వచ్చిన నాలుగున్నర గంటల్లోపు ఆస్పత్రికి చేర్చే సంగతే. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, వెంటనే సీటీ స్కాన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్. అన్నీ అవసరమే, కాదనను. కానీ ప్రాణం నిలిచాక మనిషి ఇంటికొస్తాడు కదా! ఆ తర్వాతి సంగతికి మీరు ఇచ్చింది ఆఖర్లో ఒక్క వాక్యం, మనోబలం ఉన్నవాళ్లు త్వరగా కోలుకుంటారని. అది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది.

మావారికి ఎడమవైపు పడిపోయింది. డిశ్చార్జి రోజున ఆస్పత్రివాళ్లు మాత్రల చీటీ, పథ్యం కాగితం, ఫిజియోథెరపీ షీటు చేతిలో పెట్టారు. ఆయన మనసు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చాక ఫిజియో బెల్లు కొడితే చాలు, గోడవైపు తిరిగి పడుకునేవారు. నొక్కమని ఇచ్చిన మెత్తటి బంతి తలగడ పక్కన పడి ఉండేది. పేపరు మడత కూడా విప్పేవారు కాదు. చూడ్డానికొచ్చిన చుట్టాలేమో, “ఇలా బద్ధకిస్తే ఎలా బావగారూ, పట్టుదల ఉండాలి” అని చెప్పి వెళ్లేవారు. చివరికి ఫిజియో ఆ షీటులో “పేషెంట్ సహకరించడం లేదు” అని రాసేశారు. చెకప్‌కి వెళ్తే పెద్ద డాక్టరు ఆ ముక్క చదివి ఆయన్నే మందలించారు. ఎదురుగా తల దించుకుని కూర్చున్న మనిషిని చూసినా అనుమానం రాలేదు!

నేను ఫార్మసిస్టుగా చేసి రిటైరైనదాన్ని. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందన్నది వైద్యులకు ఏనాటి నుంచో తెలిసిన విషయం. మెదడుకు తగిలిన దెబ్బ ఒకటి, నిన్నటిదాకా తన లుంగీ తానే కట్టుకున్న మనిషి ఇంకొకరి చేతికోసం ఎదురుచూడాల్సి రావడం ఒకటి. రెండూ కలిసి తెచ్చే జబ్బు అది, బద్ధకం కాదు. డిప్రెషన్‌లో లేవబుద్ధి కాదు. లేవకపోతే కండరాలు బిగుసుకుంటాయి, భుజం పట్టేస్తుంది, నడక వెనకబడుతుంది. అది చూసుకుని దిగులు ఇంకా ముదురుతుంది. కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి కొన్ని నెలల్లోనే. ఆ నెలలే మంచం మీద వృథాగా పోతున్నాయి.

అలాగని మాత్ర వేస్తే సరిపోతుందనీ కాదు. బ్రిటన్‌లో మూడు వేలమందికి పైగా స్ట్రోక్ రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఫ్లూక్సెటీన్ అనే డిప్రెషన్ మందు వాడినవాళ్లలో కొత్తగా డిప్రెషన్ రావడం తగ్గింది కానీ కాళ్లూ చేతులూ మెరుగుపడలేదు, పైగా ఎముకలు విరగడం ఎక్కువైంది. కాబట్టి అందరికీ ఒకే మాత్ర రాసి పంపడం కాదు. జబ్బు ఉందో లేదో చూడాలి, ఉన్నవాళ్లకు డాక్టరు కనిపెట్టుకుని మందు ఇవ్వాలి, పక్కనే వ్యాయామం సాగాలి. మావారిని చివరికి ఒక మానసిక వైద్యురాలికి చూపించాం. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని నిద్ర, ఆకలి, దేనిమీదైనా ఆసక్తి ఉందా అని నెమ్మదిగా అడిగారు. మందు రాశారు, ఫిజియో టైము ఆయనకు కాస్త ఓపికుండే పొద్దుటిపూటకు మార్పించారు. కొన్ని వారాలకు వాకర్ తానే దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టారు. చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఫిజియో వస్తే మాత్రం లేచి కూర్చుంటున్నారు.

1794 నాటికే మానసిక చికిత్సాలయం ఉన్న ఊరు మా చెన్నై. 2021లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల దగ్గరికే వైద్యం) పథకంలో ఇంటికే వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తున్నారు. ఇది మన రాష్ట్రంలో ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంది. ఆ వచ్చేవాళ్లు ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే ఎంతసేపు పడుతుంది? ఈ రెండు వారాల్లో దిగులుగా ఉంటోందా, ఏ పనిమీదా మనసు పోవడం లేదా? మాట పడిపోయినవాళ్లయితే ఇంట్లోవాళ్లను అడగొచ్చు.

ఇక కదలమంటున్నారు సరే, కదలడానికి చోటు ఏదండీ? మెట్రో పనులు మొదలయ్యాక మా టి.నగర్ పానగల్ పార్కులో నడకకు చోటు తగ్గింది. పాండీ బజారులో 2019లో వెడల్పాటి ఫుట్‌పాత్ వేశారు, బాగుంది. అక్కడిదాకా వెళ్లే సందుల్లో మాత్రం ఫుట్‌పాత్ నిండా బైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, షాపుల అట్టపెట్టెలు. వాకర్ పట్టుకున్న మనిషి ఆటోల మధ్యకు దిగాల్సిందే. ఫిర్యాదు చేస్తే “పరిష్కరించాం” అని ఫోనుకు మెసేజ్ వస్తుంది, బైకులు అక్కడే ఉంటాయి. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ఇన్నేళ్లలో మా సందుకు ఒక్క ర్యాంపు రాలేదు. ఎన్నికలప్పుడు వాకర్ ఉన్న ఇల్లు ఎక్కడుందో ఓట్లడిగే వాళ్లందరికీ బాగా తెలుసు!

మళ్లీ ఇలాంటి పేజీ వేసినప్పుడు న్యూరాలజిస్టుతో పాటు ఒక మానసిక వైద్యుణ్ని, ఒక ఫిజియోథెరపిస్టును కూడా కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్లోనే మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు.

— ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై